రాట్నమ్మ కూర్చున్న పూట

ఆ పూట ఏ పనీ చేయకూడదు కాబట్టి రాట్నమ్మ తెల్లవారకముందే లేచింది. ఇల్లు ఊడ్చి తుడిచింది. బట్టలు ఉతికి ఆరేసింది. మధ్యాహ్నానికీ రాత్రికీ కలిపి వండేసి గిన్నెల మీద మూతలు పెట్టింది. రేపటి కూరగాయలు కూడా తరిగేసి, దుప్పట్లు మార్చి, కుండీలకు నీళ్ళు పోసి, ఇక చేయడానికి ఏమీ మిగల్లేదని తేలాక అటక మీది సామాను దించి, దులిపి, మళ్ళీ ఎక్కించింది. ఒక్క పూట ఖాళీగా కూర్చోవాలంటే ఎంత చాకిరీ ఉంటుందో రోజూ కూర్చునేవాళ్ళకేం తెలుస్తుంది!

ఆవిడ అసలు పేరు వేరే ఉంది. కరెంటు బిల్లు మీద కూడా మొగుడి పేరే ఉండటంతో అది ఎవరికీ గుర్తులేదు. క్షణం ఆగకుండా ఇల్లంతా తిరుగుతూనే ఉంటుందని వీధివాళ్ళు రాట్నమ్మ అన్నారు, అదే నిలిచిపోయింది. ఆవిడ కుర్చీలో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. భోజనం కూడా పొయ్యి దగ్గర నిలబడే కానిస్తుంది.

అలాంటి మనిషిని కొడుకు పరీక్ష కోసం ఎంచుకున్నాడు.

కొడుకు విశ్వవిద్యాలయంలో వినోద విశ్రాంతి శాస్త్రం చదువుతున్నాడు. తండ్రి ఎగతాళిగా తీరికరావు అని పిలుస్తాడు గానీ, అది అన్యాయం. ఆ శాఖలో తీరిక పాఠ్యపుస్తకాల్లో తప్ప ఎక్కడా కనపడదు. ‘కునుకు: సిద్ధాంతాలు, విమర్శలు’ అనే పేపరు కోసం విద్యార్థులు నిద్ర మానుకుని చదువుతారు. ‘షికారు’ మీద సెమినారుకి ఆలస్యమైపోతోందని పరుగులు తీస్తారు. నిదానం గురించి లావుపాటి గ్రంథం రాసిన ఆచార్యుడు భోజనం లిఫ్టులో చేస్తాడు. సెలవుల ప్రాముఖ్యం మీద పరిశోధన మొదలుపెట్టిన నాటి నుంచి శాఖాధిపతి సెలవు పెట్టలేదు.

చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష ఒకటుంటుంది. పని మానలేని మనిషిని ఒకరిని ఎంచుకుని, మధ్యాహ్నం దాకా ఏ పనీ చేయకుండా, పైగా ఆనందంగా, కూర్చోబెట్టాలి. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఎదురుగా నిలబడి చూసి మార్కులు వేస్తాడు. తీరికరావు ఇప్పటికే రెండుసార్లు తప్పాడు. మొదటిసారి ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని ఎంచుకున్నాడు. ఆయన హాయిగానే విశ్రమించాడు, ఆయన వదిలివచ్చిన కూడలే విశ్రమించలేదు. రెండోసారి రాత్రి కాపలాదారుణ్ణి కూర్చోబెడితే ఆయన కుర్చీ తగలగానే గురక పెట్టాడు. నిద్ర తీరిక కిందికి రాదనీ, అది వైద్య కళాశాల వారి వ్యవహారమనీ పరీక్షకుడు కొట్టేశాడు.

ఇది మూడోసారి, ఆఖరిసారి. ఈసారి కూడా తప్పితే చదువు చాలించి మేనమామ మేకుల కొట్లో కూర్చోవాలని ఇంట్లో తీర్మానమైపోయింది. మేనమామ కొట్టంటే వాడికి చచ్చేంత భయం. ఆయన మేకుల్ని సైజుల వారీగా ఏరిస్తాడు, ఏరాక మళ్ళీ కలిపి ఇంకోసారి ఏరిస్తాడు.

"అమ్మా, నీ చేతుల్లోనే ఉంది నా బతుకు," అన్నాడు తీరికరావు, వరండాలో కుర్చీ వేసి.

"చేతులతో ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను."

"అదేనమ్మా, ఏమీ చెయ్యకూడదు! ఒళ్ళో పెట్టుకో. ఎవరేం అడిగినా 'హాయిగా ఉన్నాను' అను. నవ్వుతూ అను. లేచావా, మార్కులు పోతాయి. లేవాలనుకున్నట్టు కనిపించినా పోతాయి."

"మరి ఇంట్లో పని?"

"నాన్న సెలవు పెట్టారుగా! ఆయన చూసుకుంటారు."

తపాలా కార్యాలయంలో ముద్రలు కొట్టే తండ్రి చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. "ఏమే, నువ్వు నిశ్చింతగా కూర్చో. పరీక్షకు వచ్చే ఆయనకి టీ నేను పెడతాను. పాలు కాచడం పెద్ద బ్రహ్మవిద్యా ఏంటి?"

ఆ మాట వినగానే రాట్నమ్మ గుండె గుభేలుమంది. కానీ కొడుకు మొహం చూసి జాలేసింది. ఎంత వెర్రిబాగులవాడైనా కన్నకొడుకు. వాడు జీవితాంతం మేకులు ఏరుకుంటూ కూర్చోవడం కన్నా తను ఒక్క పూట కుర్చీలో కూర్చోవడమే నయమనుకుంది. దేవుడి మీద భారం వేసి కూర్చుంది.

కూర్చున్నాక తెలిసింది అదెంత కష్టమో. కుర్చీ బాగానే ఉంది, గాలి కూడా వస్తోంది. కానీ ఎదురుగా కిటికీ చువ్వ మీద చిన్న మరక కనపడింది. చూడకూడదనుకుంటే అదే కనపడుతోంది. లోపల నుంచి గిన్నెల చప్పుడు మొదలైంది. ఏ గిన్నె ఎక్కడ పడిందో ఆవిడ చప్పుడుని బట్టి చెప్పగలదు. పంచదార డబ్బా మూత పడింది. తర్వాత డబ్బానే పడింది. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది ప్రాణానికి.

సరిగ్గా అప్పుడే ఎదురింటి కుట్టుపనావిడ మిషను తొక్కుతూ తలెత్తి చూసింది. చూసి, తొక్కడం ఆపేసింది.

"పిన్నిగారూ! ఏంటలా కూర్చుండిపోయారు? ఒంట్లో బాగాలేదా?"

"హాయిగా ఉన్నాను," అంది రాట్నమ్మ.

అదే సమయంలో పాలు మాడుతున్న వాసన వచ్చింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా కొడుకు చెప్పినట్టే పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. కుట్టుపనావిడ ఆ నవ్వు చూసి హడలిపోయింది. వెంటనే వెనకవీధిలో ఉన్న రాట్నమ్మ ఆడపడుచుకి ఫోను చేసింది.

"అమ్మా, మీ వదినగారు కూర్చున్నారు."

"ఏంటీ! కూర్చుందా? మా వదినే?"

"కుర్చీలో కూర్చున్నారు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. పైగా నవ్వుతున్నారు."

"అయ్యో అయ్యో! వస్తున్నా!"

ఈలోగా పరీక్షకుడు వచ్చేశాడు. నిద్రలేక ఉబ్బిన కళ్ళు, చేతిలో తోలుసంచీ, రెండు జేబుల్లో రెండు ఫోన్లు. ఆ రోజు ఇంకా చాలామంది తీరికని చూడాల్సి ఉంది కాబట్టి ఆయన గుక్క తిప్పుకోకుండా నియమాలు చదివేశాడు. తీరికరావు వినయంగా తలూపుతుండగా లోపల్నుంచి "ఒరేయ్, పొయ్యి ఎలా ఆర్పాలిరా!" అని తండ్రి కేక వినపడింది. వాడు లోపలికి పరుగెత్తాడు. పరీక్షకుడు సంచీలోంచి కాగితాలు తీసి, రాట్నమ్మ మొహంలోకి వంగి చూసి, ఏదో రాసుకోవడం మొదలుపెట్టాడు.

ఆడపడుచు రొప్పుతూ మెట్లెక్కేసరికి కనపడిన దృశ్యం ఇది. కుర్చీలో కదలకుండా వదిన. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. ముందు సంచీ పట్టుకుని గంభీరంగా నిలబడిన పెద్దమనిషి. ఇక వేరే చెప్పాలా?

"డాక్టరుగారూ, మా వదినకి ఎలా ఉందండీ?"

విశ్వవిద్యాలయంలో అందరూ అలాగే పిలుస్తారు కాబట్టి ఆయన తలైనా ఎత్తలేదు. "ఇప్పుడే ఏం చెప్పలేం. మధ్యాహ్నం దాకా చూడాలి."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముందమ్మా, అయిపోతుంది."

ఆడపడుచు స్తంభం పట్టుకుంది. "అయ్యో, అంత మాటంటారేంటి! ఆశ లేదంటారా?"

"ఇలాంటివాళ్ళని ఎంతమందిని చూశానో. ఎవరూ నిలవలేదు. ఆ చేతులు చూడండి, వేళ్ళు కదులుతున్నాయి. అదే నాకు అనుమానంగా ఉంది."

"కదిలితే మంచిదే కదండీ?"

"మంచిదెలా అవుతుందమ్మా! కదలిక పూర్తిగా ఆగిపోవాలి. మొహంలో ప్రశాంతత రావాలి. వచ్చిందంటే నేను సంతకం పెట్టేసి నా దారిన నేను వెళ్ళిపోతాను."

రాట్నమ్మకి ఒళ్ళు మండిపోయింది. "అది కాదమ్మా, ఈయన..." అని నోరు తెరిచింది. పరీక్షకుడు వేలు చూపించి, వంగి ఆవిడ చెవిలో గొణిగాడు. "ఇంటికొచ్చినవాళ్ళకి సంజాయిషీ చెప్పడం ఇంటిపని కిందికే వస్తుంది. మార్కులు తగ్గుతాయి." రాట్నమ్మ నోరు మూసుకుంది. కొడుకు మొహం, మేకుల కొట్టు ఒక్కసారి కళ్ళ ముందు ఆడాయి. "హాయిగా ఉన్నాను," అంది పళ్ళు బిగించి.

"చూశారా, సంధి మాటలు కూడా వచ్చేశాయి!" ఆడపడుచు బావురుమంది. "ఇంట్లోవాళ్ళకి తెలుసాండీ ఈ సంగతి?"

"తెలియకపోవడమేంటి? కొడుకేగా దగ్గరుండి చేయిస్తున్నాడు! ఇది అతని మూడో ప్రయత్నం. మొదటి ఇద్దరితో కుదరలేదు. ఈవిడతోనైనా గట్టెక్కాలని చూస్తున్నాడు."

"ఇద్దరా!" అంది ఆడపడుచు.

ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. ఆంబులెన్సుకి ఫోను చేసింది. కుట్టుపనావిడని కేకేసింది. కుట్టుపనావిడ ఇంకో నలుగుర్ని కేకేసింది. వరండా నిండిపోయింది. చల్లగాలి కావాలని ఒకరు విసిరారు, గాలి తగలకూడదని ఇంకొకరు శాలువా కప్పారు. పరీక్షకుడికి ఏమీ కనపడక ఇంకో కుర్చీ మీదికెక్కి మరీ చూడాల్సి వచ్చింది. రాట్నమ్మ మాత్రం ఒక్క పనీ చేయకుండా, ఇంటి నిండా వచ్చిన జనానికి కనీసం మంచినీళ్ళైనా ఇవ్వలేక, సిగ్గుతో చచ్చిపోతూ కూర్చుంది.

గోల విని తీరికరావు బయటికొచ్చాడు. వాడి నెత్తి మీద ఆడపడుచు చేతిసంచీ దభీమని పడింది.

"కన్నతల్లినిరా! కన్నతల్లినే పట్టుకుని పరీక్షలు చేస్తావట్రా!"

"అత్తయ్యా, పరీక్షే కదా, నువ్వెందుకింత..."

"ఒప్పుకున్నాడు! విన్నారా, వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు!"

ఇంతలో ఆంబులెన్సు వచ్చింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి దాన్ని రాట్నమ్మ కుర్చీ పక్కన దించారు. అదే క్షణంలో తండ్రి, చేతులనిండా మసితో, మాడిన పాలగిన్నె పట్టుకుని, "ఏమే, ఇది ఎక్కడ పడెయ్యాలి?" అంటూ గుమ్మంలోకొచ్చాడు. ఏడుస్తున్న చెల్లెలు, శాలువా కప్పుకున్న భార్య, పక్కన స్ట్రెచర్. ఆయన గిన్నెని వదిలేశాడు. తర్వాత తనూ నిట్టనిలువునా కూలిపోయాడు.

"ఏం కాదు, ఏం కాదు!" అంది రాట్నమ్మ కుర్చీలోంచే. "ఆయనకిది మామూలే. సూదిమందు చూసినా ఇలాగే పడతారు. మొహాన నీళ్ళు కొట్టండి, లేస్తారు." నీళ్ళు తనే తెద్దామని సగం లేవబోయింది కూడా.

"అమ్మా! లేవకు!" అని తీరికరావు గావుకేక పెట్టాడు.

"తల్లిని లేవనివ్వట్లేదు చూడండి, దుర్మార్గుడు!" అంది ఆడపడుచు.

రోగి మాటకి విలువెవరిస్తారు? రాట్నమ్మ చెప్పింది ఒక్కరూ వినలేదు. ఆంబులెన్సు మనుషులకి కూడా ఎవరు రోగో తేల్చుకునే ఓపిక లేదు. కుర్చీలో ఉన్నావిడ మాట్లాడుతోంది, నేల మీద ఉన్నాయన మాట్లాడట్లేదు. వాళ్ళు నేల మీద ఉన్నాయన్ని ఎత్తుకున్నారు. అన్నయ్యని మోసుకెళ్తుంటే ఆడపడుచు వదిన సంగతి మరిచిపోయి వెనకాలే ఎక్కేసింది. తీరికరావుని తల్లి దగ్గర వదిలితే ప్రమాదమని వాడి చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. అందరూ కలిసి పరీక్షకుణ్ణి కూడా ముందుకు తోశారు.

"నన్నెందుకయ్యా తోస్తారు! నేను విశ్వవిద్యాలయం నుంచి వచ్చాను!"

"అంత చదువుకున్నవారు దారిలో మనిషిని వదిలేస్తారా? ఎక్కండి సార్, ఎక్కండి!"

తలుపులు పడ్డాయి. బండి కుయ్యోమంటూ కదిలింది. వదినని చూస్తూ ఉండమని ఆడపడుచు కిటికీలోంచి అరిచింది. కుట్టుపనావిడ అలాగేనని తలూపి, ఇంత సంగతి మనసులో దాచుకోలేక ఆ చివరింటి నుంచి చెప్పుకుంటూ రావడానికి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు.

కాసేపటికి ఫోను మోగింది. తీరికరావు.

"అమ్మా, కంగారు పడకు. నాన్న వీధి మలుపులోనే లేచారు. కానీ ఆస్పత్రి చూపించకుండా దింపరట. పరీక్షకుడుగారు చాలా కోపంగా ఉన్నారమ్మా. నా పని అయిపోయింది. మావయ్యకి నేనే ఫోను చేసి చెప్పేస్తాలే."

"తొందరపడకురా," అంది రాట్నమ్మ. ఫోను పెట్టేసింది. వాడి మీద బెంగ కలిగింది, వాడి తెలివితేటల మీద కోపం కూడా వచ్చింది.

తర్వాత శాలువా తీసి పడేసి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. పొయ్యి మీద పొంగిన పాలు నల్లగా అట్టకట్టాయి. నేల మీద పంచదార, పంచదార మీద నీళ్ళు, ఆ నీళ్ళల్లో తండ్రీకొడుకుల అడుగులు. టీ పొడి ఉండాల్సిన చోట తప్ప అంతటా ఉంది. తొట్టినిండా గిన్నెలు. ఉన్న గిన్నెలన్నీ దించినా ఒక్క కప్పు టీ అవలేదు. ఆవిడ చెయ్యి అలవాటుగా చీపురు మీదికెళ్ళింది.

వెళ్ళి, ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. "ఏమే" అని పిలిచేవాళ్ళు లేరు. "అమ్మా" అని అడిగేవాళ్ళు లేరు. చూసి మెచ్చుకునేవాళ్ళు లేరు, చూసి జాలిపడేవాళ్ళూ లేరు. పరీక్ష ఎలాగూ పోయింది. ఆవిడ చీపురుని గోడకి ఆనించి వంటింటి తలుపు దగ్గరగా వేసేసింది. పెరటి గుమ్మంలో చాపైనా లేకుండా చతికిలబడి, కాళ్ళు బారచాపి, గోడకి వీపు ఆనించింది. ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బుతున్నాయి. వాటినే చూస్తూ కూర్చుంది. ఏమీ ఆలోచించలేదు. మధ్యలో చిన్నప్పటి పాట ఏదో సగం గుర్తొస్తే ఆ సగమే పాడుకుంది. ఇంత హాయి ఇంట్లోనే ఉండగా తనకి ఇన్నాళ్ళూ తెలియలేదే అని కడుపులోంచి నవ్వొచ్చింది. కుట్టుపనావిడ చూసి ఉంటే ఈసారి భయపడేది కాదు.

వాళ్ళు టాక్సీలో దిగిన చప్పుడు విని కూడా ఆవిడ లేవలేదు. వినపడింది, కానీ లేవబుద్ధి కాలేదు.

నలుగురూ ఇల్లంతా వెతికి పెరట్లోకొచ్చారు. తండ్రికి ఏ జబ్బూ లేదని ఆస్పత్రివాళ్ళు చీటీ రాసిచ్చారు. పరీక్షకుడికి రక్తపోటు ఎక్కువగా ఉందని, పని తగ్గించుకోమని చెప్పారు. ఆడపడుచుకి దారిలో అసలు సంగతి అర్థమయ్యి ఎవరి మొహమూ చూడలేకుండా ఉంది. తీరికరావు ఏడుపు మొహంతో అందరికన్నా వెనకాల నిలబడ్డాడు.

పరీక్షకుడు కాగితం తీశాడు. "చూడమ్మా, నేను లేని సమయంలో మీరేం పని చేశారో నిజం చెప్పండి. రాసుకుని వెళ్ళిపోతాను."

"ఏం చెయ్యలేదండీ. హాయిగా కూర్చున్నాను."

"వదినా, పాపం వాడి కోసం అబద్ధమాడకు," అంది ఆడపడుచు. "నువ్వు ఊరికే కూర్చున్నావంటే ఎవరు నమ్ముతారు?"

"ఎవరు చూశారమ్మా మీరు కూర్చోగా?" అన్నాడు పరీక్షకుడు.

"ఎవరూ చూడలేదు బాబూ. ఎవరూ లేరు కాబట్టే కూర్చోగలిగాను."

పరీక్షకుడు తల అడ్డంగా ఊపాడు. సాక్ష్యం లేనిదే మార్కులు వేయడం కుదరదు. మంచినీళ్ళు తాగుదామని వంటింటి తలుపు తోశాడు. తోసి, అక్కడే నిలబడిపోయాడు. నల్లని పాలు, తడిసిన పంచదార, తొట్టినిండా అంట్లు, నేలంతా టీ పొడి. ఒక్క చెంచా కూడా చోటు మారలేదు. గోడకి ఆనించిన చీపురు పొడిగా, శుభ్రంగా ఉంది.

"ఇదంతా... ఇలా ఉండగా... ఆవిడ వెళ్ళి కూర్చుందా?" అన్నాడు నెమ్మదిగా.

ఆడపడుచు తొంగిచూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అమ్మో! ఇది చూసి కూడా మా వదిన కూర్చుందా? నిజమేనండీ. నేను ఒప్పుకుంటున్నాను."

పరీక్షకుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో కుర్చీల ముందు నిలబడ్డాడు గానీ, ఇంత తిరుగులేని తీరికని ఆయన కళ్ళారా చూడలేదు. అక్కడికక్కడే మార్కులు వేసి సంతకం పెట్టాడు. విద్యార్థి వాడిన పద్ధతి ఏమిటన్న గడిలో 'అందరినీ తీసుకుని ఇంట్లోంచి వెళ్ళిపోవడం' అని రాశాడు. తీరికరావు ఎగిరి గంతేసి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. రాట్నమ్మ వాడి నెత్తి మీద బొప్పి తడిమి చూసింది. ఆవిడకి ఎంత సంతోషమేసిందో చెప్పలేం.

"అబ్బ, గండం గడిచింది," అన్నాడు తండ్రి, పెరటి మెట్టు మీద కూర్చుంటూ. "ఏమే, ప్రాణం అలిసిపోయింది. కాస్త టీ పెట్టు అందరికీ."

"నాకు పంచదార ఎక్కువమ్మా," అన్నాడు తీరికరావు.

రాట్నమ్మ లేవడానికి చెయ్యి నేలకి ఆనించింది. మళ్ళీ తీసేసింది.

"మధ్యాహ్నం దాకా అన్నారుగా బాబూ," అంది పరీక్షకుడితో. "ఇంకా అవలేదనుకుంటాను. నేనిప్పుడు లేస్తే వాడి మార్కులు పోవూ?"

పరీక్షకుడు గడియారం చూసుకున్నాడు. కాగితం చూసుకున్నాడు. ఆ కాగితం మీద తన సంతకమే ఉంది.

"పోతాయి," అన్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, తండ్రీకొడుకుల్ని ముందుకు తోసుకుంటూ వంటింట్లోకి నడిచాడు.

తీరిక శాస్త్రంలో కొడుకు ఫస్టు క్లాసులో గట్టెక్కాడు గానీ, అంట్లు తోమడంలో మాత్రం రాట్నమ్మ పరీక్షకుణ్ణి పాసు చెయ్యలేదు.